మూడో పిలుపు

నా ఉద్యోగమల్లా పేర్లు పిలవడమే.
గూడూరు కోర్టు వరండాలో నిలబడి
నిమ్మకాయల లారీల హారన్ల మీదుగా
ఒక్కో పేరు మూడుసార్లు.
మొదటి పిలుపుకే లేచొచ్చేవాళ్ళు కొందరు,
మూడోదానికీ రాకపోతే వారెంటు.

దారా ఏసురత్నం గారు
సర్కారు వకీలుగా వచ్చినప్పుడు
ఆయనకున్నది ఒకటే కోటు.
చంకల కింద చెమట ఆరి
చిల్లకూరు చవుడు నేలలాగా తెల్లటి చారలు.
సాక్షుల మీద అరిచేవాడు కాదు.
చెప్పిందే మళ్ళీ చెప్పమనేవాడు,
మళ్ళీ.
మూడోసారికి అబద్ధానికి ఆయాసం వచ్చేది.

సైదాపురం గని కాడ
కొంగున మైకా తుక్కు మూటగట్టిన కేసు.
కుడుముల పోలమ్మ. తూకం మూడు కిలోలు.
బోనులో ఆమె చెయ్యి పెట్టినచోట
కొయ్య మెరిసింది.
"దొంగసొత్తు ఇంకా చేతికే ఉంది" అన్నాడాయన.
మంచి మాటే. కోర్టంతా నవ్వింది.
మూడు నెలలు పడింది.

పోలమ్మ బిడ్డని పట్టుకోను ఎవురూ లేక
ఆ పూట నా భుజాన వేసి పోయింది లోపలికి.
సాయంత్రం ఇంటికి పోయి చూసుకుంటే
నా ఖాకీ చొక్కా కూడా మెరుస్తా ఉంది.
నన్నెవురూ అరెస్టు చెయ్యలా.

ఈ సంగతి ఆయనకు చెప్దామనుకొని చెప్పలా.
నా పని పిలవడమే గదా.

తర్వాత పరీక్ష రాసి జడ్జీ అయినాడు.
దర్శి, కనిగిరి, ఆత్మకూరు,
నీళ్ళ కేసులు, గట్ల కేసులు, గొర్రెల కేసులు
పన్నెండేళ్ళు విని
మళ్ళీ గూడూరే వచ్చాడు, కొత్త కోటుతో.
ముందు నడిచి తలుపు తీసింది నేనే.

పోలమ్మ మీద ఇంకో కేసొచ్చింది.
పాత శిక్ష కాయితం జత చేసినారు.
దాని అడుగున ఆయన పేరే, సర్కారు తరఫున.
ఫ్యాను కింద ఆ కాయితం ఎగరతా ఉంటే
వేలితో అదిమిపట్టి
చానాసేపు చూశాడు.
ఇంకో కోర్టుకి పంపమన్నాడు.
కారణం ఏం రాయాలని గుమస్తా అడిగితే
"ముద్దాయిని నేను ముందే ఎరుగుదును,
అంతే రాయి."

ఆ కోర్టులో ఏమైందో నాకు తెలవదు.
అక్కడ పేర్లు పిలిచేవాడు వేరే.

మొన్న, రిటైరైన రెండేళ్ళకి,
అన్న కొడుకు పొలం తగాదాలో సాక్షిగా వచ్చాడు.
వరండా బెంచీ మీద
బీడీ వాసనల మధ్య ఒదిగి కూర్చున్నాడు.

పిలుపులో 'గారు' ఉండదు.
ముప్పై ఏళ్ళ నాలిక తడబడింది.
దారా ఏసురత్నం!
కదల్లా.
దారా ఏసురత్నం!
నా వైపే చూస్తా ఉన్నాడు,
పిలుస్తున్నది ఎవరినో అన్నట్టు.
మూడోదానికి లేచాడు.
నా పక్కన ఆగి అన్నాడు:
"ఇంత గట్టిగా పిలుస్తావటయ్యా మనుషుల్ని?"
"లోపలికి అంత వినపడదు సార్."

బోనెక్కి, కొయ్య మీద చెయ్యి ఆనించి,
ప్రమాణానికి ముందు
ఒకసారి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.
ఏమీ లేదు.
ఈ మధ్యనే రంగేశారు.