తప్పు గీత

లక్డీకాపూల్‌లో, మూడో అంతస్తులో,
కిటికీ లేని గదిలో
ఇరవై ఆరేళ్లు గీతలు గీశాను.
డబ్బాలు, డబ్బాల్లో పేర్లు,
పేర్ల కింద మారుపేర్లు,
ఎవరి మాట ఎవరు వింటారో చెప్పే గీత
ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి.
అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ ఆదివారం కొన్న చెక్క స్కేలు,
అంచున ఒక పంటి గాటు, ఎవరిదో.

ఎవరైనా పోయిన రోజు
ముందు ఫోను వచ్చేది, తర్వాత స్వీట్ల పెట్టె.
ఎర్ర పెన్సిల్‌తో ఆ పేరు కొట్టేసి
కింది పేరు పైకి జరిపేవాణ్ణి.
"వాడికొచ్చింది చూడండి ప్రమోషన్" అనేవాడు గఫార్ సాబ్,
మా ఇద్దరికీ రానిది తల్చుకుని.
నవ్వేవాళ్లం.
నవ్వామని చెప్పుకోవడం ఇప్పుడు కష్టంగానే ఉంది.

ఒక వానాకాలం
ఇమ్లీబన్ బస్టాండులో దొరికాడు నాలుగో డబ్బా.
కళ్లజోడు కాడకి దారం కట్టుకున్నాడు.
బడిపంతులులా ఉన్నాడు, ఒకప్పుడు పంతులే.
ఏదో సంతకానికి మా గది మీదుగా తీసుకెళ్తుంటే
గోడ ముందు ఆగిపోయాడు.
చాలాసేపు చూశాడు,
అమ్ముడైపోయిన సొంత పొలం నక్షా చూసినట్టు.

"ఈ గీత తప్పండీ" అన్నాడు నాతో.
"జగ్గు నా మాట విని రెండేళ్లయింది.
వినకపోయినా, నేనున్నానని జంకేవాడు.
దానికి మీ దగ్గర గుర్తు లేదేమో."

కానిస్టేబులు మోచెయ్యి పట్టి లాగాడు.
లేదు.
జంకుకి మా దగ్గర గుర్తు లేదు.

ముప్పై ఎనిమిదో రోజున
ఒక సర్పంచి, అతని బావమరిది,
దారిలో లిఫ్టు అడిగి జీపెక్కిన పాలవాడు.
సాయిలు అని పేపర్లో చదివాను.
సాయిలుని రాయడానికి
అంత పెద్ద చార్టులో డబ్బా లేదు.

మరుసటి ఎండాకాలం జగ్గుని కాల్చేశారు.
ఆ తర్వాత పద్నాలుగు నెలలు
రిజిస్టరు నిండా నిల్, నిల్, నిల్.
అదీ నిజమే, దాచను.
సాయిలు ఊళ్లో మళ్లీ రాత్రి బస్సు ఆగింది,
ఎవరో పెళ్లి బాజా తెల్లారేదాకా వాయించారట.
జగ్గు పోయినందుకా?
తారు రోడ్డు పడినందుకా?
కుర్రాళ్లు కొండాపూర్ అపార్టుమెంట్ల గేట్ల దగ్గర
విజిలు పట్టుకుని కూర్చున్నందుకా?
తేదీకి గడి ఉంది, స్థలానికి ఉంది, సంఖ్యకి ఉంది.
కారణానికి గడి వెయ్యలేదు ప్రెస్సువాళ్లు.

పదిహేనో నెలలో
ఏ డబ్బాలోనూ లేని పేరొకటి వచ్చింది.
వయసు ఇరవై, అంచనా.

మొన్న మలక్‌పేట ఇంటికి
ఓ కొత్త ఆఫీసరమ్మ వచ్చింది, హిమజ, ల్యాప్‌టాప్‌తో.
"నాయకుణ్ణి తీసేస్తే తగ్గుతుందా, తగ్గదా?
ఒక్క మాటలో చెప్పండి సార్."
నేను కళ్లజోడు దారం గురించి చెప్పాను.
ఆమె వేళ్లు కదల్లేదు.
చాయ్ మీద మీగడ కట్టింది.

ఆమెకి చెప్పనిది ఇంకొకటుంది.
చర్లపల్లి జైలు నుంచి ఒకసారి
పోస్టుకార్డు వచ్చింది నాకు, ఆఫీసు అడ్రసుకి.
గుండ్రటి అక్షరాలు, పంతులు రాత.
ఒకే వాక్యం:
"గీత సరిచేశారా?"

చెయ్యలేదు.
పెన్సిల్ చెక్కుతుండగానే
చార్టు మార్చేశారు.