ఎనభై బార్

ఖోర్ ఫక్కాన్‌లో శుక్రవారం.
వారమంతా ఫుజైరా దగ్గర లంగరేసిన ఓడల పొట్టలు గీకే ఈ చేతులు
ఒక్కరోజు అద్దె ఫిన్‌లు అందిస్తాయి, సిలిండర్లు మోస్తాయి.
నూట ఇరవై దిర్హాములు, మధ్యాహ్నం బిర్యానీ.

ఆయన పేరు తారిఖ్. షార్జాలో ఏసీల కంపెనీకి లెక్కలు రాస్తాడు.
ఫారంలో భయం గురించి అడిగిన గడిలో
లేదు అని గట్టిగా టిక్కు కొట్టాడు, కాగితం చిరిగేంత.
పడవ మీద తెగ నవ్వాడు.
ఆ నవ్వు కాస్త ఎక్కువైందని గమనించాను, నోరు మెదపలేదు.
అది నా మొదటి తప్పు. రాసుకోండి.

పదహారు మీటర్లు.
చిలకచేపలు పగడాన్ని కొరుకుతున్న చప్పుడు,
పక్కగదిలో ఎవరో ఎండుకొబ్బరి నములుతున్నట్టు.
ఆయన మాస్కులోకి కాసిన్ని నీళ్లు దూరాయి. అంతే.
అరచెంచాడు ఉప్పునీరు చాలు
నలభై ఏళ్ల మనిషిని మనిషిలోంచి పీకి అవతల పారేయడానికి.

కళ్లు చూశాను.
ఆ కళ్లలో నేను లేను.
ఒక నిచ్చెన ఉంది.

వెనకనుంచి వెళ్లమని రోడెల్ నేర్పాడు:
వాల్వు పట్టు, సిలిండర్ని మోకాళ్ల మధ్య బిగించు,
ఎదురుపడకు, నీ నోట్లో గాలి లాక్కుంటాడు.
అంతకు చాలా ముందే చెప్పాడు మా చిన్నాయన పోలరాజు,
ముత్యాలమ్మపాలెం ఇసకలో వల అల్లుతూ, తలెత్తకుండా:
ములిగీవోడికి సెయ్యియ్యకురా, తాడియ్యి.
తాడు లేకపోతే?
తెడ్డియ్యి.
అదీ లేకపోతే?
చిన్నాయన దారాన్ని పంటితో తెంపాడు.

నేను ఎదురుగానే వెళ్లాను.
ఎందుకని అడక్కండి.

మాస్కు పీకేశాడు. రెగ్యులేటర్ని మాత్రం
కుక్క ఎముకను కరిచినట్టు కరిచి పట్టుకున్నాడు, అదే అదృష్టం.
ఊపిరి బిగబట్టి పైకి తన్నుకుంటున్నాడు.
బిగబట్టిన ఊపిరి పైకెళ్లేకొద్దీ ఉబ్బుతుంది,
ఉబ్బి లోపల చింపేస్తుంది.
ఆయన జాకెట్టు పట్టుకుని వేలాడాను.
ఒకడికి బరువు కావడమే సాయం అవుతుందని
అంతవరకు ఎవరూ చెప్పలేదు నాకు.

పన్నెండు. పది. ఊపిరి వదలమని పొట్టలో గుద్దాను.
వదిలాడు, బుడగలు నా మొహాన్నే.
తొమ్మిది దగ్గర ఆయన వేళ్లు నా మెడ చుట్టూ మూసుకున్నాయి.
నా గేజిలో ఎనభై బార్.

ఎంతవరకు వెళ్లాలి?
నీ ప్రాణం మీదికి వచ్చేవరకు, అంటుంది పాఠం.
గేజిలో యాభై కింద ఎర్రరంగు పూశారు కానీ
ఈ గీత ఎక్కడుందో ఎవరూ ఏ రంగూ పూయలేదు.

ఒకటి మాత్రం తెలుసు.
మునుగుతున్నవాడు పైకైతే ఎంతదూరమైనా పట్టుకునే వస్తాడు,
కిందికి రాడు.
జాకెట్లో గాలి వదిలేశాను.
ఇద్దరం ఒక బారెడు దిగాం.
మెడ మీద వేళ్లు ఒక్కొక్కటే
నన్ను మరిచిపోయాయి.

నేను కూడా వదిలేశాను.

మిగతా పది మీటర్లు ఆయన ఒక్కడే.
కింద నిలబడి ఆయన నోటి దగ్గర బుడగలు లెక్కపెట్టాను.
వస్తున్నాయి. వస్తున్నాయి.
కాసేపు రాలేదు.
మళ్లీ వచ్చాయి.

పడవ మీద దుప్పట్లో కూర్చుని ఉన్నాడు,
మొహాన ఆక్సిజన్, ముక్కు కింద రక్తపు చార.
గొట్టం పక్కకు జరిపి, నువ్వు నన్ను వదిలేశావు, అన్నాడు.
సరిగ్గానే చేశావు, అన్నాడు రోడెల్.
ఇద్దరికీ తల ఊపాను.

రాత్రి క్యాంపులో స్నానం చేస్తుంటే
మెడ మీద నాలుగు గోటిగాట్లు సబ్బుకి భగ్గుమన్నాయి.
అయిదోది వెతికాను. లేదు.
ఒక వేలు ముందే వదిలేసి ఉంటుంది.

తర్వాతి శుక్రవారం నడుముకి రెండు మీటర్ల తాడు చుట్టుకుని వెళ్లాను.
నీళ్లకింద అది నీకే చుట్టుకుంటుంది, తీసెయ్, అన్నాడు రోడెల్.
తెలుసన్నాను.
తియ్యలేదు.