ఎడమ అంచు

పదహారు పిక్సెళ్లు.
తల్లిపని కింద పిల్లపని
ఎంత కుడికి జరిగి కూర్చోవాలన్నదానికి
తార్తూ ఊళ్లో, ఎమయొగి నది గడ్డకట్టిన వారంలో
మారికకు దొరికిన కొలత.
పన్నెండైతే రెండూ తోబుట్టువుల్లా ఉన్నాయి.
ఇరవైనాలుగైతే ఒకరికొకరు ఏమీ కానట్టున్నాయి.
పదహారు దగ్గర చుట్టరికం తెలుస్తోంది.

తల్లి నుంచి సన్నటి బూడిదరంగు గీత దించింది,
బావిలోకి చేంతాడు వదిలినట్టు.
పక్కన చిన్న త్రికోణం:
నొక్కితే పిల్లలన్నీ లోపలికి, మళ్లీ నొక్కితే బయటికి,
కోడిపెట్ట రెక్క దించి ఎత్తినట్టు.

మన లిపికి ఇది కొత్త విద్య కాదు.
లక్ష్మి అని రాసి చూడండి.
క కింద ష, దాని చంకలో మ,
మూడు వాటాల కాపురం,
ఇరుకని ఎవరూ గొణగరు.
మారికకు ఈ సంగతి తెలియదు.
ఆమె అక్షరాలు ఒకే వరసలో నడిచేవి,
మహా అయితే నెత్తిన రెండు చుక్కలు.

వాడి చూస్తానని ఒప్పుకున్నవాడు హెల్దుర్,
పెయిప్సి సరస్సు ఒడ్డున ఉల్లి పండిస్తాడు.
అతని జాబితా తెరిచి
ఆమె కాసేపు ఏమీ అనలేదు.

సౌనా వెలిగించాలి
  పొగగొట్టం కట్టాలి
    ఇటుకలు తేవాలి
      ట్రాలీ కావాలి
        ట్రాలీకి టైరు మార్చాలి
          జాకీ ఆర్నె దగ్గరుంది
            ఆర్నెతో
            మా
            ట్లా
            డా
            లి

తీగ లాగితే డొంకంతా కదిలింది సరే,
ఏడో మెట్టు దగ్గర ఫోను అయిపోయింది.
నిలబడే చోటు లేక మాట
అక్షరం మీద అక్షరంగా జారి
గోడకు ఆనుకుంది.

"ఇలా ఎన్నాళ్లుగా ఉంది?"
"ఉల్లి తవ్విన దగ్గర్నుంచి.
సరిగ్గా కనపడదు కదా, చూడటం మానేశాను."
"ఆర్నె మీ తమ్ముడా?"
"పక్క పొలం."
అంతే చెప్పాడు.
ఉల్లి ధర గురించి మాత్రం చాలా చెప్పాడు.

మారిక ఏడు మెట్లకు ఏడు రంగులు వేసింది,
బడిగోడ మీద చార్టులా వచ్చింది, తుడిచేసింది.
అంకెలు వేసింది, ఒకటి చుక్క ఒకటి చుక్క ఒకటి,
కోర్టు కాగితంలా ఉంది.
జరుపు సగానికి తగ్గిస్తే
అంతా కలిసి ఒకటే కుప్ప.

గురువారం, ట్రామ్ లేని ఆ ఊళ్లో
మంచు మీద నడిచి ఇంటికెళ్తుంటే తోచింది:
లోపలికి వెళ్లేవాడు
ఇల్లంతా మోసుకుపోనక్కర్లేదు.
మూడు మెట్లు దాటితే
పెద్దల పేర్లు పైన ఒక్క వరసలో, చిన్న అక్షరాల్లో,
ప్రవర చెప్పుకున్నట్టు.
అడుగున ఉన్న పని మాత్రం
ఎడమ అంచుకొచ్చి, ఒళ్లు విరుచుకుని,
పూర్తి వెడల్పున:

ఆర్నెతో మాట్లాడాలి

హెల్దుర్ ఫోను దగ్గరగా పెట్టి చూశాడు,
దూరంగా పెట్టి చూశాడు,
కళ్లజోడు చొక్కాకు తుడుచుకున్నాడు.
"ఇంత పెద్దగానా?"

ఇంకొక్కటి అడగాలి, అంది మారిక.
కింద పనులన్నీ అయిపోతే
పైన ఉన్నదానికి టిక్కు దానంతటదే పడాలా?
అతను కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు.
"సౌనా దానంతటదే వెలుగుతుందా?"
ఆమె అది ఉన్నదున్నట్టు రాసుకుంది.

లేవబోతూ ఆగి,
ఆ వాక్యం మీద బొటనవేలు నొక్కి లాగాడు.
మొదటిసారి అది
"పాలు కొనాలి" కింద పడింది.
రెండోసారీ అక్కడే. బగ్, రాసుకుంది.
మూడోసారి ఎత్తి
జాబితా నెత్తిన, ఏ గీతా తగలని చోట
మెల్లగా దించాడు.

జాకీ పక్కన త్రికోణం మాయమైంది,
దాని కింద ఇక ఎవరూ లేరు.

బస్సు ఆరున్నరకి.
అతను వెళ్లాక మారిక
పదహారుని పద్నాలుగు చేసి చూసింది.
మళ్లీ పదహారే పెట్టింది.