గుడ్లు తిప్పుడు

వారాసిగూడ గల్లీల కుక్కలు కోడిని ఎత్తుకపోయిన పొద్దు
గంప కింద పదకొండు గుడ్లు
ఇంకా వెచ్చగనే ఉన్నయి.

కొంగుల మూటగట్టుకొని
ఫ్రిజ్‌లు బాగుచేసే మొయిజు భాయ్ దుకాణం మెట్లెక్కిన.
"కూర వండుకో అక్కా" అని నవ్విండు గానీ
మాపటికి చేపల థర్మకోల్ డబ్బా కడిగి
నలభై వాట్ల బుగ్గ బిగించిండు,
కోఠి గుజరాతీ గల్లీల కొన్న థర్మోస్టాట్,
పాత కంప్యూటర్ల నుంచి ఊడదీసిన చిన్న పంఖ.
"ముప్పై ఏడున్నర దాటొద్దు.
గిన్నెల నీళ్ళు ఎండొద్దు.
దినాం మూడుసార్లు తిప్పాలె, మర్చిపోతే
పిల్ల పెంకుకు అతుక్కపోతది."

జాకిట్ల మీద గీతలు గీసే సుద్దతోని
ఒక దిక్కు సున్న, ఒక దిక్కు ఇంటూ.
పొద్దుగాల సున్నలు మీదికి,
పగటీలి ఇంటూలు,
గిరాకీల బట్టలు కుట్టి పండుకునే ముంగట మళ్ళ సున్నలు.
కోడికి ఇదంత ఎవరు నేర్పిండ్రో.
ముక్కుతోని ఒక్కొక్కదాన్ని కడుపు కిందికి జరుపుకునేది.
నేను ఊకె కూసున్నదనుకునేదాన్ని.

ఏడో రాత్రి లైట్లార్పి
సెల్లు టార్చి మీద గుడ్డు పెట్టిన.
ఎర్రటి వేర్లు. నడుమ నల్లచుక్క
ఉలిక్కిపడ్డది.
నేనూ ఉలిక్కిపడ్డ.
రెండిట్ల ఏం లేదు, వట్టి వెలుతురే.
ఒకదాంట్ల నెత్తురు ఉంగరం తీరుగ చుట్టుకొని ఆగిపోయింది.
ఆ మూడు తీసి పక్కకు పెట్టిన. ఎనిమిది.

పద్నాలుగో రాత్రి వాన. కరెంటు పోయింది.
ట్రాన్స్‌ఫార్మర్ పేలిందట, లైన్‌మన్ ఫోన్ ఎత్తడు.
గ్యాసు మీద నీళ్ళు కాచి సీసాలల్ల పోసి
డబ్బాల నిలబెట్టిన.
ఫాల్ కుట్టనీకి ఇచ్చిన గిరాకీ పట్టుచీర
మడత విప్పి పైన కప్పిన.
దేవుడా, ఆమెకు చెప్పకు.
ముప్పై నాలుగు. ముప్పై మూడు. మళ్ళ నీళ్ళు.
తెల్లారుగట్ల బుగ్గ వెలిగింది.
ఏది బతికిందో ఏది పోయిందో
పెంకులు చెప్పవు.

పద్దెనిమిదో దినం మొయిజు వచ్చి అన్నడు:
"ఇగ తిప్పకు. తెరవకు. ముట్టకు."
అన్నిట్ల ఇదే కష్టమైంది.
పనిలేని చేతులను తొడల కింద పెట్టుకొని కూసున్న.

ఇరవై ఒకటి. మధ్యాన్నం.
ఒక ఇంటూ పక్కన పగులు,
లోపలికెల్లి సన్నటి అరుపు.
దీపాలు పెట్టే యాళ్ళయింది, పగులు అట్లనే ఉన్నది.
ఆగలేక గోరుతోని ఒక పెచ్చు లేపిన.
నెత్తురు.
పచ్చసొన ఇంకా బొడ్డులకు గుంజుకోనేలేదు.
ఆ పిల్ల నిలబడలేదు.
మూత పెట్టి, గోడ దిక్కు తిరిగి
తెల్లార్లు గుండీలు కుట్టిన.

లేచి చూస్తే అయిదు.
రెండు పెంకులల్లనే ఉండిపోయినయి.
ఆ అయిదు తడిసిన దూది లెక్క ఒకదాని మీద ఒకటి పడి
బుగ్గ దిక్కే చూస్తున్నయి.
నా దిక్కు కాదు.

వారమైంది. బుగ్గ గంపలకు మారింది,
డబ్బా మొయిజుకు ఇచ్చేసిన.
రాత్రి రెండింటికి మెలకువొచ్చి చూస్తే
నా చెయ్యి చీకట్ల
దిండు మూలను మెల్లగ
ఇటు నుంచి అటు తిప్పుతున్నది.