అతుక్కున్న ఆకులు

ఏది మేలు మేడమ్, కాగితమా, ఇదా అని
కరెంటు బిల్లుల కౌంటరు కిటికీలోంచి
ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు,
అన్నం డబ్బా పక్కన
పలకలాంటి దీన్ని చూసి.
నేను చిల్లర లెక్కపెడతాను.

ఆ ఏడు హంద్రీ, తుంగభద్ర ఒకటై
చిత్తారి వీధిలోకి వచ్చినప్పుడు
మేం మిద్దెమీద, పుస్తకాలు కింద.
రెండు రాత్రులు.
ఒక నవల్లో నేను రెండువందల పదో పేజీ దాకా వచ్చి ఉన్నాను.
నీళ్లు దిగినాక గోడమీద ఒక గీత మిగిలింది,
అలమరలో నానిన మినప్పప్పులాగా
ఉబ్బిన ఒకటే ముద్ద.

మిద్దెమీద బేతంచర్ల బండలు కడిగి
పేజీకీ పేజీకీ నడుమ పాత బిల్లుల కాగితం పెట్టి
ఎండకు తిప్పుతూ కూచున్నా, పది దినాలు.
వీధంతా పరుపులు, బియ్యం, పట్టా పుస్తకాలు ఎండేసుకుంటుంటే
నవలలు ఎండేసుకునే ఆడమనిషిని చూసి
నవ్వనివాళ్లు లేరు.
ఆ దినాల్లో ఆ మాత్రం నవ్వు కూడా
ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే.

నూటా నలభైలో తొమ్మిది బతికాయి.
సంచిలో వేసుకుని పోతే
మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతున్న
బైండింగు మద్దిలేటి
ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు,
కొబ్బరికాయను ఊపినట్టు.
"దీంట్లో ఏడాకులు అతుక్కున్యాయి అక్కా.
ఇప్పితే చినుగుతాది.
ఇప్పకుంటే ఉంటాది."
ఉండనీ అన్నాను.

అట్లా ఆ నవల్లో
రెండువందల పదమూడు తర్వాత
రెండువందల ఇరవయ్యారు వస్తుంది.
ఈ పక్క, కుంటి పోస్టుమాన్ సైకిలు దిగి
వంకలో కాలు పెడతాడు.
ఆ పక్క, ఆయన సంచి
ఇంకెవరి భుజానో ఉంటుంది.

నడుమ కథ నేనే చెప్పుకున్నా.
ఒక ఏడు ఆయనకు రాయచూరు బదిలీ చేయించా.
నేను డిపార్టుమెంటు పరీక్ష తప్పిన ఏడు
ఆయనకు ప్రమోషనిచ్చా.
మా అమ్మ పోయిన ఏడు ఎక్కడికీ పంపలేదు,
వంక ఒడ్డునే కూచోబెట్టి
నిమ్మళంగా బీడీ తాగనిచ్చా.

పోయిన ఎండాకాలం నా కంట్లో పొర.
మా ఆఫీసు సుంకన్న కొడుకు ఈ పలక తెచ్చి
అక్షరాలను చింతగింజలంత చేసి చూపించాడు.
కరెంటాఫీసులో పనిచేసేదానికి
కరెంటు పోయినా చదువుకునే యోగం.
కొన్ని చోట్ల ఒత్తులు విడిపోయి
బడికి ఆలస్యమైన పిల్లల్లా పక్కన నిలబడతాయి.
అయినా బాగుంది.
నిజం చెప్పాలంటే, చాలా బాగుంది.

వెతికితే ఆ నవలా దొరికింది.
పేజీ అంకెలు లేవు, శాతాలే.
అరవై ఎనిమిదో శాతంలో
పోస్టుమాన్ ఒక ముసలామెకు వచ్చిన మనియార్డరు
ఇరవై అయిదు రూపాయలు
తన వేలిముద్రే వేసి తీసుకున్నాడు.
ఊరి దారి తప్పించుకోడానికే
వంకలో దిగింది.
డెబ్బైకంతా పట్టుబడ్డాడు.

పదిహేనేండ్ల ముడి
వేలితో తోస్తే చాలు, తెరుచుకుంది.
ఏ కాగితమూ చినగలేదు.

ఇరవై అయిదు రూపాయలు!
అడిగుంటే నేనిచ్చేదాన్ని కదయ్యా,
అని పలకను బోర్లించి
రాత్రి పదకొండింటికి లేచి అలమర తీశాను.
సజ్జరొట్టె అంచులా మందంగా
ఏడాకుల ముద్ద.
చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.
ఇందులో ఆయనింకా దొంగ కాలేదు.
ముసలామె గడపలో
ఇంకా చూస్తూనే ఉంది.

పలక మళ్లీ చేతికి తీసుకున్నా,
ఆయన జైల్లో ఏం తిన్నాడో తెలుసుకోకుండా
నిద్ర పట్టేట్టు లేదు.
ఒళ్లోని ముద్దలోంచి
చిటికెడు ఒండ్రు రాలి
అద్దం మీద పడింది.
కొంగుతో తుడిచాను.
పేజీ తిరిగింది.