సద్దు

పొద్దుగాల పంపు రూము తాళం తీసి
కట్ట మెట్టు మీద కూసుంట, కాళ్ళు నీళ్ళల్ల ఇడిసి.
పదకొండేండ్లాయె, అదే మెట్టు.
రుస్తాక్ దాటినంక గుట్టల నడుమ ఈ కట్టకు పేరు లేదు,
కాయితాల మీద ఒక నంబరు.

అప్పుడైతే కాలు పెట్టంగనే వచ్చేటియి.
బొటనవేలంత, మట్టి రంగు.
సిమెంటు తిన్న మడిమెల పగుళ్ళల్ల మూతి పెట్టి
చచ్చిన తోలు ఏరుకొని తినేటియి.
కితకితలకు మొఫిజుల్ పడి పడి నవ్వేటోడు,
జీతమొచ్చిన్నాడు గూడ అట్ల నవ్వడు.

"సద్ద్" అన్నడు ఖర్జూరం తోట ఖల్ఫాన్ తాత.
నాకు సద్ది అని ఇనబడ్డది.
చేతిల టిఫిను చూసి అడుగుతుండనుకొని మూత తీసిన.
చేప పేరట.
మా దిక్కు సద్దంటే చప్పుడు, అన్న
వచ్చీరాని అరబ్బీల.
"ఇది చప్పుడు చెయ్యది" అన్నడు.
"వాన లేనేడు రాయి కింది తడిల బతుకుతది.
మా తాత తాగిన ఫలజ్ నీళ్ళల్ల దీని తాతలుండె."

ఆ బక్కెట్ మోసింది నేనే.
దాసుడెందుకు.
సేటు కొడుకు హైసమ్ మస్కట్ దుకాన్ల కొన్న పిల్లలు,
పద్నాలుగు, గాలి కొట్టిన ప్లాస్టిక్ కవర్ల.
పచ్చ, పసుపు, తోక మీద ఒక కన్ను.
పీకాక్ బాస్ అన్నడు.
బాసు తెచ్చిన బాసు, నవ్వుకున్న.
"గాలానికి పడ్డంక గుంజులాట చూడాలె, బోషాలూ!"
నేను పోశాలును. వాళ్ళ నోట్లె ప లేదు.
ఎండకు కవరు ఉడుకుతదని నేనే తొందరపడ్డ.
కొంచెంసేపు నీళ్ళ మీద తేలనిచ్చి
లోపలి నీళ్ళకు బయటి నీళ్ళ వేడి అలవాటు చేసి
మా నాయిన నేర్పినట్టు మెల్లగ వంపిన.
గంగపుత్రుని చెయ్యి.
ఒక్కటి చావలె.

మూడు ఎండకాలాలు.
శుక్రారం శుక్రారం బండ్లొచ్చేటియి.
పట్టుడు, దవడ పట్టుకొని ఫోటో దిగుడు, మళ్ళ ఇడుసుడు.
ఆకలి లేనోని వేట.
కాళ్ళు పెడితే ఏదీ రాలే.
పగుళ్ళు నాకే మిగిలినయి.

సీసాలు పట్టుకొని డాక్టర్ రయ్యా వచ్చింది.
నాలుగు రోజులు వాదీ అంత గాలించింది,
దొరికినయి ఏడు.
ఎవరికన్న వల ఇసుర వస్తదా అని అడిగింది.
నా చెయ్యి నాకంటె ముందు లేచింది.

కొర్రమట్ట తెలుసు నాకు.
ఎర్రటి పిల్లలు గుంపుగట్టి నీళ్ళు మసులుతున్నట్టు మసిలితే
అడుగున తల్లి ఉన్నట్టు.
ఆ నెల మా నాయిన ఆ మూలకు వల ఎయ్యనియ్యకపోవు.
ఈ బాసు గూడ అంతే.
నల్లటి పిల్లల మబ్బు, కింద కదలని తల్లి.
నన్ను చూసింది. పారిపోలే.
పారిపోయేదైతే ఎంత బాగుండు.
వల గుండ్రంగ ఇచ్చుకున్నది, పద్నాలుగేండ్ల కింద ఇచ్చుకున్నట్టే.

వాటిల పెద్దదాని కడుపు కోసి చూసింది డాక్టరమ్మ.
సద్ద్ లు లేవు.
దాని జాతి పిల్లలే, ఇంక అరగక.
"మన లెక్కనే గద ఇది గూడ,
ఎవడో తెస్తె వచ్చింది" అన్నడు మొఫిజుల్.
నేను వల ముళ్ళు ఇప్పుకుంట కూసున్న.

ఏడు ఇప్పుడు ఖల్ఫాన్ తాత తోట తొట్టిల ఉన్నయి.
రాత్రి చూడ పోయినం, సెల్ ఫోన్ వెలుగు మీద చెయ్యి అడ్డం పెట్టి.
అంచు మీద కూసున్న గని
కాళ్ళు పైకి మడుసుకున్న.
మొఫిజుల్ ఏదో అనబోయిండు.
సద్దు చెయ్యకని సైగ చేసిన.