ఎడమచేతి ఉంగరపు వేలు

ఆ చెయ్యి కాదమ్మా, ఎడమది.
ఉంగరపు వేలు.
రోజుకు నలభైసార్లు ఇదే మాట.

మిర్చియార్డు నుంచి వచ్చిన వేళ్లకి
స్పిరిటు దూది ఒక్కసారికి సరిపోదు.
ముచ్చికలు తుంచీ తుంచీ గోళ్ల కింద చేరిన కారం
సూది తగలకముందే భగ్గుమంటుంది.
"గుచ్చినట్టు లేదు మేడమ్, తాలింపు పెట్టినట్టుంది"
అంటుంది శౌరమ్మ,
పళ్లు టకటకా కొట్టుకుంటూనే.

మొదటి చుక్క తుడిచెయ్యాలి,
మనకు కావలసింది రెండోది.
గాజుపలక మీద దాన్ని
పెసరట్టు పిండిలా గుండ్రంగా తిప్పాలి, చిన్న బొట్టంత.
మరీ చిక్కన కాకూడదు, మరీ పల్చన కాకూడదు.
కింద పరిచిన పేపరు అక్షరాలు
అందులోంచి లీలగా కనపడాలి.
ఇవాళ శౌరమ్మ నెత్తురులోంచి
తేజ రకం క్వింటాలు ధర చదివాను.

పక్కనే పలచటి పూత.
దానికి ఒకటే తోపు, ఆగకూడదు.
"నెత్తురు నాలుక చాపాలి, అప్పుడే నోరు విప్పుతుంది"
అనేవారు నాకు పని నేర్పిన దేవసహాయం గారు.
ఆయన రిటైరయ్యారు.
నా మణికట్టులో ఇంకా డ్యూటీ చేస్తున్నారు.

శ్రావణం ముసురులో స్లైడు ఓ పట్టాన ఆరదు.
ఒకసారి నేను అన్నం తినొచ్చేలోపు
చీమలు ఒక పూతను నాకేశాయి.
గాజు మీద నంబరు ఉంది,
మనిషి లేడు.
అప్పట్నుంచి బల్ల కాళ్లకింద నీళ్ల పళ్లాలు.

పలచటిదాన్ని మిథనాల్‌లో ముంచుతాను.
మందపుదానికి అది చూపించకూడదు,
దాని ఎరుపంతా నీళ్లలో కరిగిపోవాలి,
దొంగ ఒక్కడే మిగలాలి.
ఆ మీద రంగు.
కడిగితే నేరేడుపళ్లు తిన్న నోరులా ఉంటుంది గాజు.

నూనెచుక్క. కన్ను.
ఒకటి, రెండు, మూడు...
నూరు ఫీల్డులు చూడందే లేదని రాయకూడదు.
కరెంటు పోతే పాత మైక్రోస్కోపు తీసి
అద్దాన్ని కిటికీ వైపు తిప్పుతాను.
ఏటుకూరు రోడ్డు మీది వెలుతురు
ఎవరి నెత్తురులోంచో నా కంట్లోకి వస్తుంది.

శౌరమ్మ: నూరు. ఏమీ లేదు.
మళ్లీ జ్వరమొస్తే మళ్లీ రమ్మని రాశాను.

తర్వాతి స్లైడు, ఎనభై మూడో ఫీల్డు,
నెలవంక.
ఊదారంగులో, సన్నగా, ఒంటరిగా.
అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను.
వెంటనే చెంపలేసుకున్నాను.

రిజిస్టరులో: సమారు ఖిల్లో, ఇరవై రెండు,
ఊరు మల్కన్‌గిరి దగ్గర.
ఇక్కడి చిరునామా: కోల్డ్ స్టోరేజీ, నాలుగో షెడ్డు.
ఫోన్ నంబరు మేస్త్రీది.
"జ్వరమా? నిన్న పోయిందిగా మేడమ్,
పొద్దుట్నుంచీ బస్తాలు మోస్తున్నాడు."
నిన్న పోయింది.
రేపొస్తుందని దానికి తెలుసు, నాకు తెలుసు.

మాత్రలు సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

షెడ్డు తలుపు తీస్తే ఆరు డిగ్రీలు.
గోనెపట్టాలు కప్పుకుని ముప్పైమంది.
అందరూ వణుకుతున్నారు.
చలిజ్వరాన్ని వెతుక్కుంటూ వచ్చి
చలి మధ్య నిలబడ్డాను.
పిలిస్తే ఘాటుకి దగ్గొచ్చింది, పేరు సగమే పలికింది.
ముఖం గుర్తు తెచ్చుకుందామంటే
పన్నెండేళ్లుగా నేను ముఖాలు చూడలేదు,
వేళ్లే చూశాను.

నా తెల్లకోటు చూసి
బస్తాల వరస చివర్నుంచి ఒకడు
బరువు దించి, చెయ్యి పంచెకు తుడుచుకుని
ముందుకు చాపాడు.
ఎడమది.
మిగతా వేళ్లు మడిచి, ఉంగరపు వేలొక్కటే.

ఇంకో చుక్క కావాలేమో అనుకున్నాడు.